తొమ్మిది వేలు

ముప్పై ఒక్క సంవత్సరం చిత్తూరు డిపోలో
స్టీరింగు పట్టినోణ్ణి.
లీటరుకు అయిదుముప్పావు లాగినందుకు
మేనేజరు మెడలో దండేసి
వెండిపూత పళ్ళెం ఇచ్చినాడు.
ఇంజను అరవకముందే గేరు మార్చాలని
కొత్త పిల్లోళ్ళకు పాఠం చెప్పినోణ్ణి.

ఇప్పుడు గుడిపాలలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ నళినమ్మ
విరిగిన కాలు స్టూలు మీద చాపుకోని
తాళంచెవి నా చేతిలో పెట్టి అంటాది:
"చెంగల్రాయులన్నా, వారానికొకసారి
దీన్ని గట్టిగా తోలాల.
మెత్తగా తోలితే చస్తుంది."

గట్టిగా అంటే ఎంతమ్మా?

"ముల్లు తొమ్మిదివేలు తాకాల.
కుయ్ మంటుంది. అప్పుడు మార్చు."

కట్టమంచి షెడ్డులో అన్వర్ బాషా బానెట్టు ఎత్తి చూపించినాడు.
"పిస్టన్ లేదు తాతా.
పైకీ కిందికీ పొయ్యేది ఏమీ లేదు.
నడుం నొక్కిన డబ్బాలో
సమోసా ఒకటి తిరగతా ఉంటాది, అంతే.
మూడు మూలలకూ మూడు సన్నని బద్దలు.
నింపాదిగా పోతే మసి పడతాది, బద్ద ఇరుక్కుంటాది.
గిర్రున తిప్పితే దాని మసి అదే ఊదేసుకుంటాది.
నూనె తగ్గిందని బెదరొద్దు.
కారేది కాదు, తాగేది."

అట్లని తొందర పడరాదు.
నీళ్ళు కాగేదాకా మూడువేలు దాటరాదు.
చల్లబండిని గేటు దాకా తెచ్చి ఆపేస్తే
పెట్రోలు గొంతుకు అడ్డంపడి మళ్ళీ లేవదు.
బంగారుపాళ్యం దాకా
నిండు పాలక్యాను మోసినట్టు పోయినా.
టమేటా లారీలు దాటిపోతా హారన్ కొట్టినాయి.
ఎర్ర కారు, ముసిలి డ్రైవరు.

మొగిలి ఘాటు మొదట్లో రోడ్డు ఖాళీ.
తెల్లారి అయిదున్నర.
రెండో గేరు.
మూడువేల కాడ నా ఎడమకాలు
తనంతట తానే క్లచ్చు మీదికి పోయింది.
నేను చెప్పలా. డిపో చెప్పింది.
కాలు తీసి, మళ్ళా తొక్కినా.
అయిదు.
ఆరు. పళ్ళెం గుర్తొచ్చింది.
ఏడులో వణకాల్సిన బండి వణకలా,
కుట్టుమిషను కింద గుడ్డ పారినట్టు
శబ్దం సన్నబడతా, సన్నబడతా పోయింది.
ఎనిమిదిలో ఏదో అరిచినా.
ఏమరిచినానో నాకే తెలీదు.
కుయ్.

మార్చినా.
అద్దంలో వెనక నల్లటి పొగ ఉండ ఒకటి
చూస్తా ఉండంగానే కరిగింది.
ఎన్నాళ్ళ మసో.

మలుపుల్లో మాత్రం నెమ్మదే.
గట్టిగా తోలడమంటే లోయలోకి తోలడం కాదని
నాకు ఎవురూ చెప్పబల్లేదు.

మా రాజమ్మకు పెండ్లినాటి పట్టుచీర ఒకటుండె.
మంచిరోజుకని మడిచి పెట్టింది.
ఏ రోజూ అంత మంచిది కాలా.
మొన్న మేనకోడలి పెండ్లికి తీస్తే
కట్టకుండానే మడత మడతకీ చిరిగింది.
ఘాటు ఎక్కినాక ఎందుకో అది తలపుకొచ్చింది.
ఎక్కువసేపు కాదు. ఎదురుగా ఎద్దులబండి ఉంది.

పలమనేరు బంకులో లెక్క కట్టినా, పాత అలవాటు.
లీటరుకు అయిదుముప్పావు!
యాభైమందినీ, వాళ్ళ మూటల్నీ, కోళ్ళగంపల్నీ మోసిన
నా బస్సుదీ,
నన్నొక్కణ్ణి మోసిన దీనిదీ ఒకటే లెక్క.
ఎందుకు నవ్వుతావని బంకు పిల్లోడు అడిగినాడు.

"కుయ్ మనిందా?" అనింది నళినమ్మ.
"మూడుసార్లు" అంటిని.
రెండే.

పుల్ల తుడిచి ముంచి చూస్తే
నూనె అరవేలు తగ్గింది. పోసినా.

మోపెడ్డు మీద ఇంటికి పోతా
గిరింపేట వాలు కాడ
ఇంజను ఆపేసినా, ఎప్పట్లాగే.
చప్పుడు లేకుండా దిగతా ఉంది బండి.
సగం వాలులో తెలిసొచ్చింది నాకు.
అప్పటికి మా వీధి వచ్చేసింది.